నచ్చిన కటా... నాలుగు కాలాలు

కరాటే అనగానే పెంకులు పగలగొట్టడం, ఎగిరి తన్నడం, పతకాలు గుర్తొస్తాయి. కానీ ఏళ్ల తరబడి సాధన చేస్తున్నవాళ్లను ‘మీకు బాగా నచ్చేది ఏది?’ అని అడిగి చూడండి. చాలామంది ఒక కటా పేరు చెబుతారు. ఎదుట ప్రత్యర్థి లేకుండా ఒంటరిగా చేసే ఈ సాధన ఆరోగ్యానికి ఎలా పనికొస్తుంది? ఎవరికి ఏ కటా మంచిది? కిడ్నీ జబ్బు భయం వెంటాడే ఉద్దానంలో ఏ జాగ్రత్తలతో చేయాలి?

పలాస-కాశీబుగ్గలోనో టెక్కలిలోనో సాయంత్రం పూట స్కూలు మైదానం పక్కగా వెళ్తే తెల్ల దుస్తులు, రంగురంగుల బెల్టులతో పిల్లలు వరసగా నిలబడి ఒకేసారి అడుగు వేస్తూ కనిపిస్తారు. సర్కారు బడుల్లో ఆడపిల్లలకు సమగ్ర శిక్ష కింద ‘రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ ప్రశిక్షణ్‌’ పేరుతో ఇచ్చే శిక్షణలోనూ కరాటే ఉంటుంది. పిల్లలు ఉత్సాహంగానే వెళ్తారు. భయమల్లా ఇంట్లో పెద్దలకే. ఓపీలో తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘‘బావూ, మా పిల్లడు కరాటీకెల్తన్నాడు. అంత చెమటోడితే కిడ్నీలు పాడైపోవు గదా?’’

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో తాతో, తండ్రో, మేనమామో డయాలసిస్‌ దాకా వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఒళ్లు అలిసే పని అంటేనే అనుమానం పుడుతుంది. అలాగని కదలకుండా కూర్చుంటే బరువు, బీపీ, షుగర్‌ పెరుగుతాయి. ప్రపంచవ్యాప్తంగా కిడ్నీలను ఎక్కువగా దెబ్బతీస్తున్నవి బీపీ, షుగర్లే. అంటే ఒక భయంతో వ్యాయామం మానేసి, అసలు ప్రమాదానికే తలుపు తీసినట్టు అవుతుంది.

కాబట్టి కరాటే మానాల్సిన పనిలేదు. ఎలా చేయాలో తెలుసుకుంటే చాలు. అందులోనూ కటా అన్ని వయసులవారికీ అనువైన భాగం.

అసలు కటా అంటే?

కరాటేలో ప్రధానంగా మూడు భాగాలు ఉంటాయి. దెబ్బ, తన్ను, అడ్డుకోవడం లాంటివి విడివిడిగా నేర్చుకోవడం మొదటిది. ప్రత్యర్థితో తలపడే కుమితే రెండోది. వీటన్నింటినీ ఒక నిర్ణీత వరసలో అల్లి, ఊహలో ఉన్న ప్రత్యర్థులతో తలపడుతున్నట్టు చేసేది కటా. ఎటు తిరగాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి వదలాలి అన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. మన కర్రసాములోనూ వరస అడుగులు ఉంటాయి కదా, ఇదీ అలాంటిదే. ‘కలియుగ భీముడు’ కోడి రామమూర్తి నాయుడు పుట్టిన సిక్కోలు నేలకు సాము గరిడీలు కొత్త కాదు.

కరాటే పుట్టిల్లు జపాన్‌కు దక్షిణాన ఉన్న ఒకినావా దీవి. మన తీరంలాగే అక్కడా ఉక్కపోత, తుపాన్లు ఎక్కువ. అక్కడి గురువు అంకో ఇతోసు 20వ శతాబ్దం తొలి ఏళ్లలో కరాటేను బడి పిల్లల దగ్గరకు తెచ్చారు. వాళ్ల కోసం ‘పినాన్‌’ పేరుతో అయిదు సులభమైన కటాలు కూర్చారు. ఆయన శిష్యుడు గిచిన్‌ ఫునకోషి 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించి, జపాన్‌ ప్రధాన భూభాగంలో దాని వ్యాప్తికి బాట వేశారు. ఈ ఫునకోషి నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. చిన్నప్పుడు బాగా బలహీనంగా ఉండేవారు. 1868లో పుట్టి, 1957 దాకా జీవించారు. ఆయన కలం పేరు ‘షోతో’. అంటే పైన్‌ చెట్ల మీదుగా గాలి వీచినప్పుడు వచ్చే అలల్లాంటి చప్పుడు. షోటోకాన్‌ శైలికి ఆ పేరు అలాగే వచ్చింది. బారువ తీరంలో సరుగుడు తోటల పక్కన నిలబడి విన్నవాళ్లకు ఆ చప్పుడు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఎందుకంత ఇష్టం?

వ్యాయామం మొదలుపెట్టడం సులభం. కొనసాగించడమే కష్టం. జనవరిలో మొదలైన నడక సంక్రాంతి దాటాక ఆగిపోతుంది. కటా నేర్చుకున్నవాళ్లు మాత్రం చాలా ఏళ్లు వదలరు. దీనికి కారణాలు ఉన్నాయి.

మొదటిది, కటాకు ఒక మొదలు, ఒక ముగింపు ఉంటాయి. తొలి కటా హెయాన్‌ షోదాన్‌లో ఉండేవి 21 కదలికలే. పూర్తవడానికి ఒక నిమిషం కూడా పట్టదు. ఎక్కడ మొదలుపెట్టామో దాదాపు అక్కడికే తిరిగి వస్తాం. ఒక పని పూర్తి చేశామన్న తృప్తి వెంటనే దక్కుతుంది.

రెండోది, తెలిసినదే అయినా ప్రతిసారీ కొత్తగా ఉంటుంది. మన తప్పెటగుళ్ల కళాకారులను చూడండి. ఏళ్ల తరబడి అవే అడుగులు, అదే దరువు. అయినా ప్రతి ప్రదర్శనలోనూ వాళ్ల ఉత్సాహం తగ్గదు. ఒంటికి లయ పట్టాక కలిగే ఆనందం అది. అడుగులు గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరం పోయాక మనసు ఊపిరి మీదకు, నిలకడ మీదకు మళ్లుతుంది. ఫునకోషి తన గురువు దగ్గర మూడు తెక్కి కటాలు నేర్వడానికి దాదాపు పదేళ్లు తీసుకున్నారు. చూసేవాళ్లకు విసుగనిపించినా చేసేవాళ్లకు అందులో తరగని పని కనిపిస్తుంది.

మూడోది, ఇక్కడ ఎవరితోనూ పోటీ లేదు. ఓడిపోతామన్న బెరుకు ఉండదు. దెబ్బ తగులుతుందన్న భయం ఉండదు. లావుగా ఉన్న పిల్లలు, బిడియపడే పిల్లలు, నలభై దాటిన గృహిణులు కూడా ఇబ్బంది పడకుండా చేయగలిగేది ఇందువల్లే.

నాలుగోది, ఖర్చు లేదు. పరికరాలు అక్కర్లేదు. జిమ్‌ లేని ఊళ్లోనూ, ఇంటి అరుగు మీద కూడా చేసుకోవచ్చు.

ఏ కటా ఎవరికి?

కటాలు పదుల సంఖ్యలో ఉన్నాయి. శైలిని బట్టి పేర్లు, కదలికలు కొంత మారతాయి. సాధకులు ఎక్కువగా ఇష్టపడే కొన్నింటిని, అవి ఒంటికి చేసే మేలును చూద్దాం.

హెయాన్‌ (పినాన్‌): ఇతోసు కూర్చిన అయిదు కటాలకు ఫునకోషి పెట్టిన పేరు ఇది. ప్రశాంతత అన్న అర్థంతో చెబుతారు. పిల్లలకూ, ఏ వయసులో మొదలుపెట్టేవారికీ ఇదే మొదటి మెట్టు. కుడి ఎడమలు సమానంగా వాడటం, మలుపు తిరిగేటప్పుడు తూలకపోవడం అలవాటవుతాయి. చాలామంది బ్లాక్‌ బెల్టులు కూడా రోజూ సాధనను దీనితోనే మొదలుపెడతారు. చిన్ననాటి బడికి వెళ్లొచ్చినట్టు ఉంటుందట.

తెక్కి (నైహాంచి): తెక్కి అంటే ఇనుప గుర్రం. గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్లు వంచి, పక్కకు మాత్రమే అడుగులు వేస్తూ చేస్తారు. బళ్లో గోడకుర్చీ వేసినవాళ్లకు తొడల్లో పుట్టే ఆ మంట బాగా తెలుసు. తొడ ముందు కండరం బలపడితే మోకాలికి ఆసరా దొరుకుతుంది. పెద్ద కండరాలు పని చేస్తే రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకుంటాయి. అందువల్ల షుగర్‌ ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. జీడిపప్పు పరిశ్రమల్లో గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుని పని చేసే మహిళలకు, దుకాణాల్లో కూర్చునేవారికి కూడా మంచిది. చోటు కూడా పెద్దగా అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులు ఉంటే మాత్రం తక్కువగా వంచాలి.

బస్సాయ్‌ దాయ్‌: కోటను బద్దలుకొట్టడం అన్న అర్థంతో చెబుతారు. కుర్రకారుకు ఎక్కువగా నచ్చే కటా. నడుము తిప్పి శక్తినంతా ఒక్క దెబ్బలోకి తేవడం ఇందులో కీలకం. పొట్ట, నడుము కండరాలు గట్టిపడతాయి. పరీక్షల ఒత్తిడిలో ఉన్న విద్యార్థులు నాలుగుసార్లు చేస్తే తల తేలికపడిందంటారు. డిస్క్‌ సమస్య ఉన్నవాళ్లు వేగంగా చేయకూడదు.

కాంకు దాయ్‌: ఆకాశాన్ని చూడటం అని అర్థం. రెండు అరచేతులు కలిపి నెమ్మదిగా పైకెత్తి, వేళ్ల మధ్య సందులోంచి ఆకాశాన్ని చూస్తూ మొదలుపెడతారు. ఆ మొదటి కదలిక కోసమే ఇష్టపడేవాళ్లు ఉన్నారు. రోజంతా ఫోన్‌ మీదకు వంగిన మెడకు, బిగుసుకున్న భుజాలకు ఆ ఒక్క కదలికే హాయినిస్తుంది. మొత్తం 65 కదలికల పొడవైన కటా ఇది. గుండె వేగం బాగా పెరుగుతుంది కాబట్టి కొంతకాలం సాధన చేశాకే దీని జోలికి వెళ్లాలి.

గంకాకు: రాతి మీద నిలిచిన కొంగ. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే ఎర్రకాళ్ల కొంగలను చూసినవాళ్లకు ఈ కటాను వివరించక్కర్లేదు. ఒంటికాలి మీద నిలబడి, అక్కడి నుంచే తన్నాలి. ఇది అనుభవజ్ఞుల కటా. కానీ ఇందులోని ఒంటికాలి నిలకడను అరవై దాటినవారు గోడ పట్టుకుని విడిగా సాధన చేయవచ్చు. వృద్ధాప్యంలో జారిపడి తుంటి ఎముక విరగడం ఎన్ని ఇళ్లలో చూడటం లేదు? నిలకడ పెంచుకుంటే ఆ ముప్పు తగ్గుతుంది.

ఎంపి: ఎగిరే స్వాలో పక్షి పేరు మీద వచ్చింది. చురుకైన ఎత్తుపల్లాలు, ఒక గెంతు ఉంటాయి. సన్నగా, చలాకీగా ఉండేవాళ్లకు ఇష్టం. ఉన్సు కటాలో గాల్లో గుండ్రంగా తిరిగే గెంతు మరీ కష్టం. మోకాలి లిగమెంట్‌ దెబ్బతిన్నవారు, బరువు ఎక్కువ ఉన్నవారు ఇలాంటి గెంతుల జోలికి పోవద్దు.

సాంచిన్‌: మూడు పోరాటాలు అని అర్థం. అడుగులు చాలా తక్కువ. ఒళ్లంతా బిగించి, గట్టిగా ఊపిరి తీసి వదులుతూ చేస్తారు. గోజు శైలివారికి ఇది ప్రాణం. మనసు ఒక్కచోట నిలిచిపోతుందంటారు. అయితే కండరాలన్నీ ఒకేసారి బిగించినప్పుడు, ఊపిరి బిగబట్టినప్పుడు బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. అదుపులో లేని బీపీ, గుండె జబ్బు, హెర్నియా, కంటి రెటీనా సమస్య ఉన్నవారు, గర్భిణులు సాంచిన్‌ను బిగించి చేయకూడదు. గోజు శైలిని స్థాపించిన చోజున్‌ మియాగి కూర్చిన ‘తెన్షో’లో అరచేతులు మెత్తగా తిరుగుతాయి. ఊపిరిని బిగపట్టకుండా, ఒళ్లు బిగించకుండా చేస్తే దీన్ని శ్వాస వ్యాయామంలా వాడుకోవచ్చు.

సుపరింపెయ్‌: గోజు శైలిలో అన్నింటికన్నా పెద్ద కటా. ఈ పేరుకు 108 అని అర్థం. మనకు 108 అంటే అష్టోత్తరం, లేదంటే అంబులెన్సు. సరిగ్గా సాధన చేస్తే మొదటిది, హడావుడిగా మొదలుపెడితే రెండోది గుర్తుకొచ్చేంత కఠినమైన కటా ఇది.

వయసు అడ్డమా?

కరాటే తొలిసారి ఒలింపిక్స్‌లో కనిపించింది టోక్యోలో. కొవిడ్‌ వల్ల వాయిదా పడి 2021లో జరిగిన ఆ క్రీడల్లో మహిళల కటా స్వర్ణం స్పెయిన్‌కు చెందిన సాండ్రా సాంచెజ్‌ గెలిచారు. అప్పుడు ఆమె వయసు 39. పురుషుల స్వర్ణం ఒకినావాకే చెందిన ర్యో కియునాకు దక్కింది. వేగం, బలం మాత్రమే లెక్కలోకి వచ్చే ఆట అయితే 39 ఏళ్లకు స్వర్ణం దక్కడం కష్టం. నిలకడ, లయ, ఊపిరి మీద పట్టు సాధనతో పాటు పెరుగుతాయి.

పరిశోధనలూ ఆశాజనకంగానే ఉన్నాయి. జర్మనీలోని రెగెన్స్‌బర్గ్‌ విశ్వవిద్యాలయం పరిశోధకులు వృద్ధులకు కరాటే నేర్పి చూశారు. వాళ్లలో దిగులు తగ్గి, మనసు కుదుటపడినట్టు 2012లో ప్రచురించిన ఫలితాల్లో తేలింది. ఇరాన్‌లో ఆటిజం ఉన్న 30 మంది పిల్లలపై అధ్యయనం జరిగింది. వాళ్లలో ఒక బృందానికి 14 వారాల పాటు, వారానికి నాలుగు రోజుల చొప్పున హెయాన్‌ షోదాన్‌ నేర్పారు. చేతులు ఊపడం లాంటి పదేపదే చేసే కదలికలు ఆ పిల్లల్లో తగ్గాయి. ఇవి చిన్న అధ్యయనాలే. కటా మందులకు ప్రత్యామ్నాయం కాదు. మందులతో పాటు చేయదగిన మంచి అలవాటు.

ఉద్దానంలో నాలుగు జాగ్రత్తలు

ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఇదీ అని ఒకే కారణం ఇంతవరకు తేలలేదు. శ్రీలంకలోని వరి పొలాల్లో, నికరాగువా, ఎల్‌ సాల్వడార్‌ చెరకు తోటల్లో పని చేసేవారిలోనూ ఇలాంటి జబ్బే కనిపించింది. మధ్య అమెరికాలో జరిగిన పరిశోధనలు తీవ్రమైన ఎండలో కష్టపడటాన్నీ, ఒంట్లో నీరు తగ్గడాన్నీ ముఖ్యమైన అనుమానితులుగా చూస్తున్నాయి. అక్కడి తోటల్లో ‘నీళ్లు, నీడ, విశ్రాంతి’ అనే పద్ధతిని అమలుచేశారు. కరాటే సాధనకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. కారణం తేలేదాకా ఆగక్కర్లేదు. మన చేతుల్లో ఉన్నవి మనం పాటించాలి.

1. ఎండ: మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. దానికితోడు కరాటే దుస్తులు మందమైన నూలుతో చేసినవి. మార్చి నుంచి జూన్‌ వరకు ఉదయం ఏడు లోపు, లేదా పొద్దు వాలాకే సాధన చేయాలి. వేసవి శిబిరాల్లో పదింటిదాకా మైదానంలో ఉంచడం మంచిది కాదు. ప్రతి 15-20 నిమిషాలకు నీడలో విరామం ఇవ్వాలి. టీ షర్టుతో చేయనిస్తే క్రమశిక్షణ ఏమీ తగ్గిపోదు. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం, తడబడుతూ మాట్లాడటం కనిపిస్తే వెంటనే ఆపి, నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి విసరాలి. స్పృహ తప్పుతున్నా, మాట తేడాగా ఉన్నా 108కు ఫోన్‌ చేయాలి.

2. నీళ్లు: దాహం వేసేదాకా ఆగొద్దు. ఇంటి దగ్గర నీళ్లు తాగి బయల్దేరాలి. మధ్యలో గుక్క గుక్కగా తాగాలి. సాధన అయ్యాక మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపడా తాగినట్టు. ముదురు పసుపు అయితే చాలలేదని అర్థం. గంటకు మించి బాగా చెమట పట్టేలా చేస్తే ఓఆర్‌ఎస్‌ తాగవచ్చు. పెద్ద ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసుడు నీళ్లలో కాదు. కూల్‌డ్రింకులు వద్దు. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. వాళ్ల సంగతి విడిగా చెబుతాను.

3. నొప్పి మాత్రలు: ఉద్దానంలో కరాటే వల్ల కిడ్నీలకు ముప్పు ఉంటే అది ఎక్కువగా ఈ దారిలోనే రావచ్చు. సాధన మొదలుపెట్టిన కొత్తలో ఒళ్లు నొప్పులు సహజం. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్‌, ఎసిక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌ లాంటివి వేసుకుంటారు. ఇవి కిడ్నీలకు రక్త ప్రసరణను తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు వేసుకుంటే దెబ్బ మరింత తగులుతుంది. రెండు రోజుల విశ్రాంతి, ఐస్‌ కాపడం చాలు. తప్పదనుకుంటే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్‌ వాడాలి. నొప్పి ఇంజక్షన్ల జోలికి అసలే పోవద్దు. కండలు పెరుగుతాయని ఎవరో ఇచ్చిన పొడులు, స్టెరాయిడ్లు కూడా వద్దు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ప్రొటీన్‌ పొడులు వాడొద్దనే చెప్పాయి. పప్పు, గుడ్డు, చేప, పాలు ఎదిగే పిల్లలకు సరిపోతాయి.

4. పరీక్షలు: కఠినమైన సాధన తర్వాత మూత్రంలో ప్రొటీన్‌, కొన్నిసార్లు ఎర్ర రక్తకణాలు తాత్కాలికంగా కనిపించవచ్చు. ఒకటి రెండు రోజుల్లో మామూలవుతాయి. టోర్నమెంటు జరిగిన మర్నాడే ఊళ్లో వైద్య శిబిరానికి వెళ్తే ‘మీ వాడి మూత్రంలో ప్రొటీన్‌ పోతోంది’ అనే మాట వినాల్సి రావచ్చు. కంగారుపడొద్దు. అలాగని ‘కరాటే వల్లేలే’ అని వదిలేయొద్దు. పరీక్షకు ముందు రోజు సాధన మానాలి. తేడా వస్తే వారం తర్వాత మళ్లీ చేయించాలి. ఇంకో సంగతి. ఉద్దానం తరహా జబ్బులో మొదట్లో మూత్రంలో ప్రొటీన్‌ పెద్దగా పోకపోవచ్చు. లక్షణాలూ ఉండవు. అందుకే మూత్ర పరీక్ష ఒక్కటే చాలదు. రక్తంలో క్రియాటినిన్‌, దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్‌ కూడా చూడాలి. కుటుంబంలో ఎవరికైనా జబ్బు ఉంటే పెద్దవాళ్లు ఏటా ఒకసారి చేయించుకోవాలి. మూడు నెలలకు మించి తేడా కొనసాగితేనే దీర్ఘకాల కిడ్నీ జబ్బుగా తేలుస్తారు. సాధన తర్వాత మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి రండి. కండరాలు బాగా నలిగినప్పుడు వెలువడే పదార్థం కిడ్నీలను అడ్డుకోవచ్చు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు చేయొచ్చా?

చేయొచ్చు. చాలామందికి చేయడమే మేలు. కిడ్నీ వ్యాధులపై అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా, శరీరం సహకరించినంత మేరకు, వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని సూచిస్తున్నాయి. జబ్బుతో పాటు కండలు కరిగిపోవడం, నీరసం, దిగులు వస్తాయి. నెమ్మదిగా చేసే హెయాన్‌, తక్కువ వంపుతో తెక్కి, బిగింపు లేని తెన్షో ఇలాంటివారికి అనువైనవి. అయితే ముందు మీ డాక్టరు అనుమతి తీసుకోండి.

రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు చెప్పి ఉంటే ఆ కొలత దాటొద్దు. అందుకే చెమట పట్టని చల్లని వేళలో, తక్కువ సేపు చేయాలి. కొబ్బరి తోటల మధ్య ఉన్న మనకు సాధన కాగానే బొండం కొట్టించుకోవడం అలవాటు. ఆరోగ్యవంతులకు అది మంచిదే. కిడ్నీ జబ్బు ముదిరినవారికి ప్రమాదం. ఒక బొండంలోని నీళ్లలో ఒక అరటిపండుకు తగ్గకుండా పొటాషియం ఉంటుంది. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఓఆర్‌ఎస్‌లోనూ పొటాషియం ఉంటుంది కాబట్టి అడగకుండా తాగొద్దు.

డయాలసిస్‌ చేయించుకునేవారు ఫిస్టులా ఉన్న చేతితో దెబ్బలు వేయకూడదు, అడ్డుకోకూడదు. ఆ చేతికి బిగుతైన పట్టీలు కట్టొద్దు. డయాలసిస్‌ అయిన వెంటనే బీపీ పడిపోయే అవకాశం ఉంటుంది. కాబట్టి ఆ రోజు విశ్రాంతి తీసుకుని, మర్నాడు చేయడం మేలు. పలాసలో 200 పడకల సూపర్‌ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. నిపుణుల సలహా కోసం విశాఖ దాకా వెళ్లాల్సిన అవసరం తగ్గింది. దాన్ని వాడుకోండి.

ఎలా మొదలుపెట్టాలి?

- నలభై దాటినవారు ముందుగా బీపీ, షుగర్‌, క్రియాటినిన్‌ పరీక్షలు చేయించుకోండి. ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే ఈసీజీ కూడా. బీపీ 180/110 దాటితే ఆ రోజు సాధన వద్దు.
- పది నిమిషాలు నడక, కీళ్లు తిప్పడం. తర్వాత ఒకే కటాను మూడుసార్లు. మొదటిసారి నెమ్మదిగా, రెండోసారి ఊపిరి చూసుకుంటూ, మూడోసారి మామూలు వేగంతో. మధ్యలో రెండు నిమిషాల విరామం. చివర అయిదు నిమిషాలు ఒళ్లు సాగదీయడం.
- చేస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ సరైన వేగం.
- వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట చాలు. 150 నిమిషాలు పూర్తవుతాయి. పిల్లలకైతే రోజుకు గంట ఆట కావాలి. కటా అందులో ఒక భాగం మాత్రమే.
- షుగర్‌ ఉన్నవారు కాళ్లు జాగ్రత్త. కరాటే చెప్పులు లేకుండా చేసే సాధన. అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు గచ్చు మీద, ఇసుకలో ఉత్త కాళ్లతో చేయొద్దు. మెత్తటి బూట్లు వేసుకోండి. ఇన్సులిన్‌ వాడేవారు జేబులో గ్లూకోజో, బెల్లం ముక్కో ఉంచుకోండి.
- కొత్తగా నేర్చుకునేవారు వీడియోలు చూసి కాకుండా మాస్టారు దగ్గర నేర్చుకోండి. మీ జబ్బులేమిటో ఆయనకు ముందే చెప్పండి.

తరచూ అడిగే ప్రశ్నలు

పిల్లలను ఏ వయసులో చేర్చాలి?
అయిదారేళ్లకు చేర్చవచ్చు. ఆ వయసులో ఆటలా ఉండాలి. ఎదిగే దశలో పిడికిళ్లతో గోడల్ని, పెంకుల్ని కొట్టించడం వద్దు. ఎముకల చివర ఎదిగే భాగం దెబ్బతినవచ్చు.

నెలసరి రోజుల్లో అమ్మాయిలు చేయొచ్చా?
నిరభ్యంతరంగా చేయొచ్చు. నొప్పి ఎక్కువగా ఉంటే నెమ్మదిగా చేయాలి. త్వరగా అలిసిపోతుంటే హిమోగ్లోబిన్‌ పరీక్ష చేయించండి. మన దగ్గర అమ్మాయిల్లో రక్తహీనత ఎక్కువ.

పోటీకి బరువు తగ్గాలని నీళ్లు మానేయమన్నారు. మంచిదేనా?
ఎంతమాత్రం కాదు. కుమితేలో బరువు విభాగాల కోసం కొందరు చేసే పని ఇది. ఉద్దానం పిల్లల చేత ఎవరూ చేయించకూడదు. కటా పోటీలో బరువు విభాగాలే ఉండవు. ఈ ఒక్క కారణంతోనైనా మన పిల్లలకు కటా మేలు.

మా నాన్నకు కిడ్నీ జబ్బు. నాకూ వస్తుందా? కరాటే మానేయనా?
కుటుంబంలో ఉన్నంత మాత్రాన మీకు రావాలని లేదు. పరీక్షలు మామూలుగా ఉంటే మానాల్సిన పనిలేదు. ఎండలో చేయడం, నొప్పి మాత్రలు వాడటం మానండి. పొగ, మద్యం మానండి. బీపీ చూపించుకుంటూ ఉండండి.

మీకు ఇప్పటికే ఒక కటా నచ్చి ఉంటే దాన్ని వదలకండి. నచ్చనిదాన్ని ఆరోగ్యం పేరుతో బలవంతాన చేస్తే నెల దాటదు. నచ్చినదాన్ని వయసుకు తగ్గట్టు వేగం తగ్గించి, వంపు తగ్గించి డెబ్బై ఏళ్లకూ చేసుకోవచ్చు. ఇంకా మొదలుపెట్టనివారు ఈసారి పిల్లల్ని క్లాసులో దింపి, బయట బండి మీద కూర్చుని ఫోన్‌ చూడకండి. వాళ్ల వరసలో చివర నిలబడి మొదటి అడుగు వేయండి. నీళ్ల సీసా మాత్రం మరవకండి.